ఒక్క ఇంట్లో నాలుగు కండువాలు

మంచిర్యాల, నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి వైపు క్యాథలిక్ ఇళ్లలో యాభై దాటిన అమ్మానాన్నలు ఈ మధ్య ఒకే బాధను తిప్పితిప్పి చెప్పుకుంటున్నారు. పెద్దోడు కాషాయ కండువా వేసుకుని తిరుగుతున్నాడు. బిడ్డ ఆదివారం పూజ మానేసి అల్లెలూయ మందిరానికి పోతోంది. చిన్నోడు ఏ గుడీ వద్దు, ఏ చర్చీ వద్దంటున్నాడు. క్రిస్మస్‌కు ముగ్గురూ ఇంటికొస్తే ముద్ద గొంతు దిగేలోపే ఏదో ఒక లొల్లి. మా పెంపకంలో తప్పెక్కడ జరిగింది? ఇప్పుడు ఎవరి పక్షాన నిలబడాలి?

రెండో ప్రశ్నకు జవాబు తేలిక. ఎవరి పక్షానా నిలబడకండి. మొదటిది అడగడం మానేయండి. పిల్లలు ఎటు పోయినా అది మన పెంపకం వల్లేననుకోవడం పైకి పశ్చాత్తాపంలా కనిపిస్తుంది గానీ, లోపల కాస్త గర్వమే ఉంది. ఇరవై అయిదేళ్ల మనిషి తల్లిదండ్రులు పోసిన అచ్చు కాదు. బడి, గని, హాస్టల్, సెల్‌ఫోన్, దోస్తులు, చదివిన చదువుకు దొరకని కొలువు, ఇవన్నీ కలిసి వాణ్ణి తయారుచేశాయి.

ఇలాంటి ఇళ్లను చూసినకొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. గొడవ పార్టీ గురించో దేవుడి గురించో మొదలైనట్టే ఉంటుంది. కాస్త తవ్వితే అడుగున భయం తగులుతుంది. గిరాకీ పోతుందని, కొలువు రాదని, పెళ్లి కుదరదని, పదిమందిలో ఒంటరినైపోతానని. తండ్రి సిద్ధాంతానికి జవాబు చెబుతూ కూర్చుంటాడు. ఆ భయం మాత్రం ఎవరికీ పట్టదు.

మన దగ్గర క్యాథలిక్కుల సంఖ్య చిన్నది. వచ్చిన దారులు మాత్రం చాలా. 1962లో కేరళకు చెందిన సీఎంఐ అనే సన్యాస సభ గురువులు చాందా మిషన్ చేపట్టారు. పాత ఆదిలాబాద్ జిల్లా అంతా చాలాకాలం మహారాష్ట్రలోని ఆ చాందా కిందనే నడిచింది. 1999లో ఆదిలాబాద్ సీరో-మలబార్ పీఠం విడిగా ఏర్పడింది. గోదావరి బ్రిడ్జి దాటి గోదావరిఖని పోతే అక్కడ వరంగల్ పీఠం, లాటిన్ రీతి. ఒకే విచారణ (పారిష్)లో మాల, మాదిగ కుటుంబాలు, నాయకపోడు, గోండు కుటుంబాలు, బొగ్గు పని కోసం గుంటూరు, ఖమ్మం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, మలయాళీ నర్సులు, టీచర్లు పక్కపక్కన కూర్చుంటారు. మనమంతా ఒక్కటే రకం అనే మాట మన సంఘంలో ఏనాడూ నిజం కాదు. పిల్లలు వచ్చాకే చీలిక వచ్చిందనుకునే పెద్దవాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఇక 2024 ఏప్రిల్. లక్సెట్టిపేట దగ్గర కన్నెపల్లిలో మదర్ థెరిసా పేరుతో ఉన్న క్యాథలిక్ స్కూలుకు కొందరు పిల్లలు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చారు. తల్లిదండ్రులను తీసుకురమ్మని ప్రిన్సిపాల్ చెప్పారు. దీక్షను అడ్డుకున్నారన్న మాట వీడియోతో పాటు పాకింది. 16వ తేదీన గుంపు వచ్చి అద్దాలు పగలగొట్టింది. మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్లు పడ్డాయి. మతభావాలను గాయపరిచారంటూ స్కూలు వాళ్ల మీద కేసు కూడా నమోదైంది. మర్నాడు శ్రీరామనవమి. నెల తిరక్కముందే, మే 13న, లోక్‌సభ పోలింగ్. ఆ నాలుగు వారాల్లో మన ఇళ్లలో నడిచిన మాటలు కొన్ని ఇంకా మానలేదు.

ఒక ఇంటి సంగతి చెబుతాను, మనుషులు ఎవరో తెలియకుండా వివరాలు మార్చి. ఆ వారం ఆదివారం. పూజ నుంచి వచ్చి తండ్రి, కొడుకు, హైదరాబాద్ నుంచి వచ్చిన నర్సు బిడ్డ అన్నానికి కూర్చున్నారు. కొడుకు ఫోన్ మోగింది. తెరమీద కాషాయ జెండా బొమ్మ.

"ఇంత జరిగినంక గూడ వాళ్ల ఎంట ఎట్ల తిరుగుతవ్‌రా?" అన్నాడు తండ్రి.

"బాపూ, రాళ్లేసినోళ్లల్ల మావోళ్లు లేరు."

"మావోళ్లా? మరి మేమెవలం?"

బిడ్డ మధ్యలో దూరింది. "మణిపూర్‌ల చర్చిలు తగలబెట్టినప్పుడు గూడ వీడు గిట్లనే అన్నడు బాపూ." కొడుకు లేచాడు. చెయ్యి కడుక్కోలేదు. ఎంగిలి చేత్తోనే బండి తాళం తీసుకుని పోయాడు. తల్లి కంచం తీయకుండా సాయంత్రం దాకా అక్కడే ఉంచింది.

తర్వాత పది రోజులకు కొడుకు ఒంటరిగా ఉన్నప్పుడు తల్లి అడిగింది. వాళ్లు మంచోళ్లా చెడ్డోళ్లా అనలేదు. "నీకు అక్కడ ఎవలున్నరు కొడుకా?" అంది, అంతే. వాడు చెప్పడానికి గంట పట్టింది. ఫ్లెక్సీల షాపు కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. దీక్ష స్వాముల ఫ్లెక్సీలు, పండగ ఫ్లెక్సీలు, పార్టీ ఫ్లెక్సీలు, సగం గిరాకీ అవే. కొండగట్టుకు మాల విరమణకు పోయే దోస్తులే అప్పుకు జామీను నిలబడ్డారు. స్కూలు మీద రాళ్లు పడ్డ రోజు వాడికి రాత్రంతా నిద్ర లేదట. తను చదువుకున్నది కూడా సిస్టర్ల బడిలోనే. ఆ మాట బయట అంటే అటువాళ్లు నమ్మరు, ఇంట్లో అంటే బాపు తను గెలిచాననుకుంటాడు. అందుకని ఎక్కడా అనలేదు.

తండ్రి భయం ఇంకో రకం. ముప్ఫయ్యేళ్లు గనిలో అందరితో కలిసి పనిచేసిన మనిషి. తన పేరు, ఇంటి గోడమీది సిలువ చూసి రేపు ఎవరైనా ఏదైనా చేస్తారేమోనని అరవై ఏళ్లకు మొదటిసారి అనిపించింది. ఆ భయం కొడుక్కు చెప్పుకోవాల్సింది పోయి తిట్టాడు.

ఇక్కడ తల్లిదండ్రులకు నా మొదటి సలహా. పిల్లల్ని అందరి ముందూ అడగకండి. అన్నం దగ్గర అసలే వద్దు. తోబుట్టువుల ముందు అడిగితే వాడు తన పార్టీ తరపున మాట్లాడతాడు, ఒంటరిగా అడిగితే తన తరపున మాట్లాడతాడు. బండి మీద మార్కెట్‌కు పోతున్నప్పుడు, చేనుకు పోతున్నప్పుడు, ఆసుపత్రిలో టోకెన్ కోసం కూర్చున్నప్పుడు, అంటే ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడు అడగండి. ముందు మీ భయం చెప్పండి. "నాకు భయమైతాంది బిడ్డా" అని తండ్రి నోట వినని పిల్లలు మన దగ్గర లెక్కలేనంతమంది.

అట్లాగని ఏం చేసినా సరేననమని కాదు. పార్టీ వేరు, గుంపు వేరు. ఎవరికి ఓటేస్తాడో వాడిష్టం. ఒక బడి మీద, ఒక గుడి మీద, ఒక మనిషి మీద చెయ్యెత్తే చోట వాడుంటే "అది ఈ ఇంట్ల నడవది" అని ఒక్కసారి, గొంతు పెంచకుండా చెప్పండి. ఆ మాట మనకూ వర్తించాలి. దీక్షాపరులను వెక్కిరించడం, పక్కింటివాళ్ల దేవుళ్లను సైతాన్లనడం చర్చి కుర్చీల్లో కూర్చునే మన పెద్దలు కూడా చేస్తున్నారు. పిల్లలు అది వింటూనే పెరిగారు.

పార్టీ గొడవకంటే లోతుగా కోసేది కుల సర్టిఫికెట్ గొడవ. దీన్ని గురించి ప్రసంగాల్లో ఎవరూ మాట్లాడరు. ఇళ్లలో మాత్రం డిగ్రీ అయిన ప్రతి పిల్లాడి దగ్గరా వస్తుంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీలకు పదిహేను శాతం. హోదాకు మతంతో ముడి తీసేయాలని 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2022లో ఇదే విషయం మీద జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబర్ 26న పుదుచ్చేరి యువతి ఒకరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిన్నప్పుడే జ్ఞానస్నానం పొంది, చర్చికి పోతూ, ఉద్యోగం కోసం మాత్రం హిందువునంటే కుదరదని దాని సారం. ఆ కేసులో జ్ఞానస్నానం రికార్డు కూడా సాక్ష్యమైంది.

ఎస్టీలకు ఈ నిబంధన లేదు. నాయకపోడు పిల్లవాడు క్రైస్తవుడైనా ఎస్టీనే. ఒకే బెంచీ మీద కూర్చున్న మాదిగ పిల్లవాడు కాదు. ఒకే పూజకు వచ్చిన ఇద్దరికి రెండు రకాల చట్టం. దీనివల్ల సంఘంలో లోలోపల రగిలే కుళ్లు చిన్నది కాదు.

కొడుకు ఒక రాత్రి అడుగుతాడు: "నన్నడిగి ఇచ్చిండ్రా జ్ఞానస్నానం?" తల్లికి కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టవుతుంది. తండ్రి నోట వెంటనే వచ్చే మాట: "కొలువు కోసం ఏసుప్రభువును అమ్ముకుంటవారా?" నాకు తెలిసిన చాలా ఇళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గరే విరిగాయి. పిల్లవాడి కోపం అసలు చట్టం మీద. చట్టం ఢిల్లీలో ఉంది, మీరు ఎదురుగా ఉన్నారు. అందుకే మీకు తగిలింది. ఆ రాత్రి ఏసుప్రభువును కాపాడే పని పెట్టుకోకండి. "అన్యాయమే బిడ్డా, నాకూ జరిగింది" అనండి. చాలామంది తండ్రులకు అది నిజం కూడా.

అబద్ధం నేర్పకండి. ఇంట్లో ఒక పేరు, ఎమ్మార్వో ఆఫీసులో ఒక పేరు పెట్టుకుని కొన్నాళ్లు నడుస్తుంది. తర్వాత ఎవడో పాలివాడు ఫిర్యాదు రాస్తాడు, వచ్చిన కొలువు పోతుంది. అంతకంటే ముందే ఇంట్లో అందరూ ఒకరికొకరు భయపడుతూ బతకడం మొదలవుతుంది. బీసీ-సీతో వచ్చేదేంటి, ఓపెన్‌లో అవకాశం ఎంత, ప్రైవేటులో దారులేంటి అని తెలిసిన వకీలు దగ్గరో, చదువుకున్న బంధువు దగ్గరో తండ్రీకొడుకులు కలిసి కూర్చుని తెలుసుకోవాలి. కొడుకు నిజంగానే మతం వదిలి తన దారిన పోతానంటే అది వాడి మనస్సాక్షి. విశ్వాసం విషయంలో ఎవర్నీ బలవంతపెట్టకూడదని 1965లో రెండవ వాటికన్ మహాసభే రాసింది. ఉన్న బిడ్డను చూపించి పోయిన కొడుకును తక్కువ చేయడం మాత్రం వద్దు. అక్కాతమ్ముళ్లు మీ తర్వాత కూడా బతకాలి.

భిన్నాభిప్రాయంతో బతకడం మనకు రాని విద్యేం కాదు. సింగరేణి ఇల్లు ఏదైనా చూడండి. బాపు ఏఐటీయూసీ, కాక ఐఎన్టీయూసీ, బావ టీబీజీకేఎస్, పెద్దమ్మ కొడుకు బీఎంఎస్. 2023 డిసెంబర్ 27న గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగినప్పుడు గేట్ మీటింగుల్లో ఒకరినొకరు ఎన్నెన్ని మాటలన్నారో మీకే తెలుసు. ఏఐటీయూసీ గెలిచింది. ఓడినవాడు మర్నాడు షిఫ్టుకు రాకుండా ఆగలేదు. గనిలోకి దిగాక పక్కవాడి జెండా ఏదని ఎవరూ అడగరు, పైకప్పు ఎట్లుందో ఇద్దరూ కలిసి చూస్తారు. అదే ఇంట్లో మేనత్త కొడుకు పెళ్లి వస్తే నాలుగు యూనియన్లూ కలిసి పందిరి వేస్తాయి.

మరి యూనియన్ విషయంలో ఇంత ఓర్పున్న తండ్రి మతం విషయంలో ఎందుకు తట్టుకోలేడు? కొడుకు యూనియన్ చూసి విచారణలో ఎవరూ తండ్రికి మార్కులు వెయ్యరు. కొడుకు పూజకు రాకపోతే వేస్తారు. "మీవోడు కనబడ్తలేడేంది?" అని చర్చి గేటు దగ్గర అడిగే ఆ ఒక్క ప్రశ్న కోసం ఇంటికొచ్చి పిల్లవాడితో వారమంతా యుద్ధం చేస్తారు. అడిగినవాళ్లకు "మంచిగనే ఉన్నడు" అని చెప్పి ఇంటికి నడవండి. అది అబద్ధం కూడా కాదు.

అల్లెలూయ మందిరానికి పోయిన బిడ్డ సంగతి. ఇక్కడ తల్లిదండ్రులను నొప్పించే మాటలు రెండు: మీరిచ్చిన జ్ఞానస్నానం చెల్లదు, ఆ మరియమాత స్వరూపం తీసేయండి. మొదటిదానికి వాదం పెట్టుకోకండి. క్యాథలిక్ సభ దృష్టిలో జ్ఞానస్నానం ఒక్కసారే, ఆమె మళ్లీ మునిగినా మీరిచ్చింది ఎక్కడికీ పోదు. రెండోదానికి "ఇది మా ఇల్లు బిడ్డా, అమ్మ ఇక్కడే ఉంటది" అని చెప్పి ఊరుకోండి. ఆమె ఎందుకు పోయిందో కూడా తెలుసుకోండి. పసిపిల్లకు జ్వరం వచ్చిన రాత్రి ఆ పాస్టరు బండి వేసుకుని వచ్చి తెల్లారేదాకా కూర్చున్నాడని ఒక అమ్మాయి చెప్పింది. మన ఫాదర్ మంచివారే, కానీ ఆయన చేతిలో అరడజను ఊళ్లున్నాయి. ఆమె సిద్ధాంతం మార్చుకుందని మీరనుకుంటున్నారు, నిజానికి ఆమెకు ఆ రాత్రి ఒక మనిషి కావాల్సివచ్చింది. మీ ఆసుపత్రి మంచం దగ్గరికి ఆ పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తానంటే చేతులు జోడించండి. అరిష్టమేమీ రాదు.

మన సభ ఒక్కటే చీలకుండా ఉందని పిల్లలతో అనకండి. వాళ్ల చేతిలో ఫోనుంది. పూజలో గురువు ఎటు తిరిగి నిలబడాలన్న వివాదంలో 2021 నుంచి కేరళలో ఎర్నాకుళం క్యాథలిక్కులు ఎంత కొట్టుకున్నారో, 2022 క్రిస్మస్‌కు అక్కడి ప్రధాన దేవాలయానికి తాళం ఎందుకు పడిందో చూపిస్తారు. మలయాళీ బంధుత్వాలున్న ఇళ్లలో అయితే అదొక ప్రత్యేకమైన లొల్లి.

పిల్లల కోసం కన్నీళ్లు పెట్టుకునే తల్లులకు ఫాదర్లు పునీత మోనికమ్మ పేరు చెబుతారు. ఆగస్టు 27న ఆమె పండగ, మర్నాడు కొడుకు అగుస్తీను పండగ. ఆమె కథలో ప్రసంగాల్లో తక్కువగా వినపడే భాగం ఒకటుంది. కొడుకు మణికేయ మతం అనే వేరే మతంలో చేరినప్పుడు ఆమె మొదట చేసిన పని వాణ్ణి తన ఇంట్లోకి, తన భోజనం బల్ల దగ్గరికి రానివ్వకపోవడం. తర్వాత ఒక కల వచ్చింది. కొడుకు తను నిలబడ్డచోటే నిలబడ్డట్టు కనిపించింది. మళ్లీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. కొడుకుతో వాదించి మార్చమని ఒక పీఠాధిపతిని బతిమాలితే ఆయన ఒప్పుకోలేదు, వాదన వల్ల ఇప్పుడు లాభం లేదు, వదిలేసి ప్రార్థన చేసుకోమన్నాడు. ఆయన కూడా చిన్నప్పుడు ఆ మతంలోనే ఉండి బయటికి వచ్చినవాడు, లోకం తెలిసినవాడు. అగుస్తీను మిలాను నగరంలో జ్ఞానస్నానం తీసుకున్నది 387లో, ముప్ఫై రెండేళ్లప్పుడు. తల్లి అదే ఏడాది చనిపోయింది. అన్నం పెట్టిన రోజుకూ కొడుకు తిరిగొచ్చిన రోజుకూ మధ్య పదేళ్లు పైనే. వాడు ఎప్పుడు మారతాడో ఆ పదేళ్లూ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వేరే మతం వాళ్లతో పెళ్లి గురించి ఒక్క మాట, ఎందుకంటే సగం గొడవ తెలియకపోవడం వల్లే. సీరో-మలబార్ సభకు వర్తించే తూర్పు సభల చట్టం 814వ నిబంధన ప్రకారం క్యాథలిక్ పక్షం తన విశ్వాసం నిలుపుకుంటానని, పిల్లలకు క్యాథలిక్ జ్ఞానస్నానం ఇప్పించి పెంచడానికి చేతనైనంత చేస్తానని మాటివ్వాలి. అవతలి పక్షానికి ఆ సంగతి తెలియజేయాలి. కోడలు మారాలని, అల్లుడు మారాలని చట్టం అడగదు. మీరు అడుగుతున్నారు. పీఠాధిపతి అనుమతికి అర్జీ పెట్టుకోవాలి, దానికి టైం పడుతుంది కాబట్టి ముహూర్తం పెట్టుకున్నాక కాకుండా ముందే ఫాదర్‌ను కలవండి.

వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూపు ఉంటే పుట్టినరోజులకు, సాంవత్సరికాలకు, ఏ రైలుకు వస్తున్నారో చెప్పుకోవడానికి వాడుకోండి. ముందు తండ్రి ఫార్వర్డులు మానితే పిల్లలు మానతారు.

చివరగా దగ్గర్లో ఉన్న ఒక పరీక్ష. 2024 నవంబర్‌లో రాష్ట్రంలో కుల సర్వే జరిగినప్పుడు ఎన్యూమరేటర్ ఇంటి ముందు కుర్చీలో కూర్చుని కులం, మతం అడిగితే చాలా ఇళ్లలో తండ్రి ఒక్కడే అందరి తరపునా చెప్పేశాడు. ఏం రాయించావని సాయంత్రం కొడుకు అడిగితే మొదలైన గొడవలు నాకు తెలుసు. ఇప్పుడు దేశవ్యాప్త జనగణన వస్తోంది. జనాభా లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈసారి కులం కూడా రాస్తారు. మతం ఎవరిది వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవాల్సిన కాలమ్ అది. కాబట్టి ఎన్యూమరేటర్లు రాకముందే మీ ఇంటి లెక్కలోకి వచ్చే పిల్లలకు ఒక్కొక్కరికి ఫోన్ చేయండి. నీ పేరు దగ్గర ఏం రాయించమంటవ్ బిడ్డా అని అడగండి. ఏం చెప్పినా అదే రాయించండి.